గోడ మీద చెయ్యి

పూడిగెడ్డ ఫైర్ స్టేషన్‌కి పునాది తవ్విన నాటికి నూకరత్నానికి ఎనిమిదేళ్లు. ఏ మేస్త్రీ పని చేశాడో, మధ్యాహ్నం పూట అతనికి ఎవరింటి నుంచి అంబలి వచ్చేదో, ఇసుక లాగిన ఎడ్లలో ఏ ఎద్దుకి కొమ్ము విరిగి ఉండేదో ఆమెకి ఇప్పటికీ గుర్తే. ఇసుక ఊరి పక్క గెడ్డవాగులోంచి రావలసింది పోయి, దూరమని కంట్రాక్టరు సముద్రపొడ్డు ఇసుకే తోలించాడన్నదీ గుర్తే. ఉప్పుటిసుకతో కట్టిన గోడ లోలోపల తినేసుకుంటుందని వాళ్ల నాన్న ఆనాడే అన్నాడు. తట్టలు మోసే కూలివాడి మాట ఎవరు చెవిన పెడతారు గనక.

ఆ తరువాత ఆమె ఆ స్టేషన్ ఇంజను తోలే సింహాద్రినే చేసుకుంది. కూతురు వరహాలు చంకలో ఉండగానే సింహాద్రి జ్వరమొచ్చి పోయాడు. జాలి తలచి ఆమెకి స్టేషన్ ఊడ్చే పని ఇచ్చారు. నిజానికి ఆ పని అయిపోయి మూడేళ్లయింది. అయితే ఇక రావద్దని ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు కాబట్టి ఆమె రోజూ వస్తూనే ఉంది. వాకిలి ఊడుస్తుంది, టీ కాస్తుంది, తొమ్మండుగురు సిబ్బందినీ పేరు పేరునా తిడుతుంది. ఎవరింట్లో ఎవరు అలిగారో, ఎవరికి వంకాయ పడదో ఆమెకి తెలియని సంగతి లేదు.

పన్నెండేళ్ల కిందటి తుపానులో ఆ స్టేషన్ సగం చచ్చి బతికింది. ఇంజను షెడ్డు మీది రేకులు ఒక్కొక్కటే లేచిపోయాయి. షట్టరు లోపలికి ఉబికి వస్తుంటే తొమ్మండుగురూ దానికి వీపులు ఆనించి తెల్లవార్లూ నిలబడ్డారు. ఊళ్లో చెట్ల కింద, ఇళ్ల కింద పడ్డవాళ్లని తియ్యవలసిన మనుషులు తమ గోడ కింద తామే పడకుండా కాచుకుంటూ కూర్చోవలసి వచ్చింది. గాలి తగ్గి బయటికి వచ్చి చూస్తే షెడ్డు పక్క గోడ గుమ్మం మీద నుంచి నేల దాకా చీలి ఉంది. అప్పటి నుంచీ లీడింగ్ ఫైర్‌మన్ గురువులు సర్కారు గ్రాంటు కమిటీకి అర్జీలు పెడుతూనే ఉన్నాడు. పడగొట్టి కట్టమని కాదు, ఉన్న గోడలకే ఇనప నడికట్లు బిగించి, కప్పు మార్చి, తుపానుకి తట్టుకునేలా చెయ్యమని.

మొదటి అర్జీకి బీట ఫోటో పంపమన్నారు. పంపితే, బీట ఎంత వెడల్పో కొలబద్ద పక్కన పెట్టి తియ్యమన్నారు. గురువులు తన కూతురి బళ్లో స్కేలు తెచ్చి పక్కన పట్టుకుని తీయించాడు. ఆ స్కేలు మీద పూలబొమ్మలున్నాయని ఎవరో నవ్వారే గాని డబ్బులు రాలేదు. ఏడో అర్జీకి వచ్చిన జవాబు ఒకటే ముక్క: ఈ కట్టడం పడుతుందనడానికి రుజువేదీ అని.

"పడిందనుకో, అప్పుడు రుజువు దొరుకుద్ది," అన్నాడు గురువులు ఆ కాగితం మడుస్తూ. "ఎతకడానికి మనం ఉండం గానీ."

విశాఖలో పరిశోధన చేస్తున్న వరహాలు ఆ మాట విని నవ్వలేదు. ఆ రుజువు తాను చూపిస్తానంది.

*

ఐదేళ్లు పట్టింది. ఆ ఐదో ఏడు నూకరత్నం ఎండు నెత్తళ్ల కూర వండుకుని, టిఫిను డబ్బాకి గుడ్డ చుట్టుకుని, కూతురు పని చేసే ప్రయోగశాలకి వెళ్లింది. హాలు నడిమధ్య ఒంటరిగా ఒక గోడ నిలబడి ఉంది. దానికి తలుపులూ లేవు, ఇల్లూ లేదు. ఆమెకి నవ్వొచ్చింది.

"ఏటే వరాలూ, గోడ కట్టీసి ఇల్లు మర్సిపోనారా?"

వరహాలు జేబులోంచి గ్యాస్ పొయ్యి వెలిగించే లైటరు తీసి తల్లి చెవి దగ్గర నొక్కింది. చిటుక్కుమంది.

"ఇందులో ఉన్నది చిన్న గట్టి ముక్క అమ్మా. నొక్కితే చిటికెడు కరెంటు పుడుతుంది. ఇసుకలో తెల్లగా మెరిసే పలుగురాయి రవ్వలుంటాయి చూడు, వాటిదీ అదే గుణం. గాలి గోడని నెట్టిన ప్రతిసారీ లోపల ఇసుక చిటుక్కుమంటుంది. ఆ చిటుక్కులన్నీ గోడలోనే ఉండిపోతాయి. వాటిని నా యంత్రం తట్టి లేపుతుంది."

గోడకి అంటించిన రాగి బిళ్లల నుంచి తీగలు ఒక పెట్టెలోకి వెళ్లాయి. పెట్టె కాసేపు గుర్రుమని, బస్సు టిక్కెట్టంత కాగితం బయటికి తోసింది. దాని మీద ఒక అంకె. గంటకి అన్ని కిలోమీటర్ల గాలి వీస్తే ఈ గోడ పడిపోతుందని దాని అర్థం. అవతలి వైపు నుంచి పెద్ద జాకీ గోడని తొయ్యడం మొదలుపెట్టింది. సరిగ్గా ఆ అంకె చెప్పినంత బలానికి గోడ నడుం విరిగి కూలింది. నూకరత్నం దుమ్ములోకి వెళ్లి విరిగిన ముక్క ఒకటి తీసి చూసింది.

"మరి ఆ పట్టీ ఏటి?" అంది. పెట్టె పక్కన తోలుపట్టీ ఒకటి వేలాడుతోంది, తీగలతో.

"యంత్రం ఎంత గాలికి పడుతుందో చెబుతుంది. ఎక్కడ దెబ్బ తిందో చెప్పలేదు. అది మనిషి చేతికే తెలుస్తుంది. పట్టీ కట్టుకుని గోడ మీద చెయ్యి పెడితే గోడ నొప్పి మన ఎముకల్లోకి వస్తుంది. గట్టి గోడయితే ఏమీ ఉండదు, చల్లగా ఉంటుంది, అంతే."

ఆ సాయంత్రం గదిలో అన్నం దింపుతున్నప్పుడు బయటపడింది అసలు సంగతి. వరహాలు మసిగుడ్డ లేకుండా ఎడమ చేత్తో కుతకుతలాడే గిన్నె పట్టుకుని దింపి, తాపీగా కింద పెట్టి, మూత వెతుక్కుంటోంది. వేళ్ల మీద తెల్లగా పొక్కులు లేస్తున్నాయి. ఆమె వాటిని చూసుకోలేదు కూడా.

నూకరత్నం ఆ చెయ్యి లాక్కుని నీళ్లలో ముంచింది. "ఏడి తెలీలేదా?"

వరహాలు కాసేపు అబద్ధం కోసం వెతికింది. తల్లి దగ్గర అవి చెల్లవని గుర్తొచ్చి మానేసింది.

"పట్టీ కట్టుకున్న ప్రతిసారీ చేతిలో స్పర్శ కొంత పోతుంది అమ్మా. దెబ్బ తిన్న గోడ ఎంత నొప్పి ఇస్తే అంత స్పర్శ తీసుకుంటుంది. తిరిగి రాదు. నలభై గోడలు చూశాను. బడులు, ఆసుపత్రులు. మొదట్లో తెలియలేదు. తెలిశాక, ఎడమదే కదా అనుకున్నాను."

నూకరత్నం ఆ చేతికి వెన్న రాసి, గుడ్డ చుట్టి, ముడి వేసి, అప్పుడు తిట్టడం మొదలుపెట్టింది. ఆమె తిట్లు వరహాలు పుట్టిన రోజు కురిసిన వాన నుంచి మొదలై, బాలసారెకి రాని మేనత్తను పలకరించి, ఐదో తరగతిలో పారేసుకున్న గొడుగు మీదుగా వచ్చి ఒకే మాట దగ్గర ఆగాయి.

"కుడి సేతికి ఆ తోలుముక్క కట్టనని ఒట్టెయ్యి."

వరహాలు ఒట్టు వేసింది. "కమిటీకి చేతితో పని లేదమ్మా. వాళ్లు అచ్చయిన అంకెనే నమ్ముతారు."

*

ఆ వేసవిలో వరహాలు పూడిగెడ్డ వచ్చి, చెయ్యి పెట్టకుండా, యంత్రంతోనే స్టేషన్‌ని కొలిచింది. నూట ముప్పై ఎనిమిది వచ్చింది. పన్నెండేళ్ల కిందటి తుపాను గాలి నూట ముప్పైకి అటూ ఇటూ. ఈసారి అంతకన్నా పెద్దది వస్తే ఆ తొమ్మండుగురి మీద ఏం పడుతుందో చెప్పడానికి చదువు అక్కర్లేదు. గురువులు ఆ చీటీ జత చేసి ఎనిమిదో అర్జీ పెట్టాడు. ఈసారి జవాబులో మర్యాద కనిపించింది. యంత్రాన్ని ఒప్పుకుంటామనీ, అయితే తమ ఎదుట కొలవాలనీ, గ్రాంటు గడువుకి ఆఖరి రోజైన గురువారం కమిటీ స్వయంగా వస్తుందనీ రాశారు.

స్వయంగా వస్తుందన్న మాట చదివించుకుని విన్నాక నూకరత్నం నిలవలేకపోయింది.

ఆ స్టేషన్‌కి ఎవరు తనిఖీకి వచ్చినా ముందు రోజు గోడలు తెల్లబడాలి. అది సింహాద్రి కాలం నుంచీ ఉన్న పద్ధతి. ఆమె మంగళవారమే డ్రమ్ములో సున్నం నానవేసింది. బుధవారం సిబ్బందిని వరసగా నిలబెట్టి కొబ్బరి పీచు కుంచెలు చేతికిచ్చింది. లోపలి సంగతి ఎలాగూ యంత్రమే చెబుతుందని, ముందు బీటల్లో సిమెంటు ముద్ద కూరి, పైన ఒక పూత, ఆరకముందే ఇంకో పూత. గురువారం పొద్దున్నే మూడోది, నీలిమందు కలిపి.

"పెళ్లివారొస్తన్నారేటప్పా?" అన్నాడు గురువులు, నెత్తి మీద సున్నం చుక్కలతో.

"పెళ్లివారికైతే ఒక్క పూత సాలు. నా కూతురి యంత్రం సూడ్డానికి అమరావతి నుంచి ఒస్తన్నారు. ఆ మూల సూడు, ఎలక్కొరికినట్టు వొదిలీసినావు. ఎయ్యి."

బస్సు దిగి వచ్చిన వరహాలు గేటు దగ్గరే ఆగిపోయింది. వెనకనే కమిటీ వారి కారు కూడా వచ్చింది. ఎండలో స్టేషన్ పాలలో ముంచి తీసినట్టుంది. వరహాలు గోడ మీద కుడి చెయ్యి వేసి చూసుకుంది. అరచేతికి తడి సున్నం అంటింది.

"ఎప్పుడేశారమ్మా ఇది?"

"ఇప్పుడే, పొద్దున్న. మూడు పూతలు," అంది నూకరత్నం మురిసిపోతూ. కూతురి ముఖం చూసి ఆ మురిపెం సగంలో ఆగింది. "ఏమే, బాగునేదా?"

వరహాలు అరచెయ్యి తుడుచుకుంది. కమిటీ ఛైర్మన్ పట్నాయక్ దగ్గరికి వెళ్లి, గోడ తడిగా ఉందనీ, తడి సున్నం కరెంటుని పైపైనే పట్టుకుపోతుందనీ, యంత్రం తట్టేది లోపలికి చేరదనీ, మూడు వారాలు ఆరనిస్తే గాని అంకె నిజం కాదనీ చెప్పింది. పట్నాయక్ అరవై దగ్గరపడిన మనిషి, మాట నెమ్మది, చొక్కా ఇస్త్రీ నలగలేదు.

"గడువు ఇవాళ్టితో సరి డాక్టరుగారూ. యంత్రం మీది. దాంతో రుజువు చూపిస్తామన్నది మీరు. గోడకి సున్నం వేసింది మీవాళ్లు. ఇందులో నేను చెయ్యగలిగింది ఏముంది?"

యంత్రం గుర్రుమంది. చీటీ వచ్చింది. రెండు వందల పదకొండు.

"బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు పట్నాయక్. నిజంగానే సంతోషించాడు, పాపం. "మీకు గ్రాంటు అవసరమే లేదు. రెండు వందలు దాటిన సర్కారు కట్టడాన్ని తుపాను షెల్టరుగా రాసుకోమని ఉత్తర్వులున్నాయి. ఈసారి తుపానుకి రేవుపేట జనాన్నంతా ఇక్కడికే తరలించవచ్చు."

రేవుపేటలో మూడు వందల గడప ఉంది. ఆ మూడు వందల గడపా నూకరత్నానికి పేర్లతో తెలుసు. పసిపిల్లలున్న ఇళ్లు, మంచాన ఉన్న ముసలాళ్లు, తుపాను రాత్రి ఈ గోడలకి ఆనుకుని కూర్చోబోయే మనుషులు. వాళ్లందరినీ తన చేతులతో తానే ఆ గోడ కిందికి తోలినట్టయింది. నీలిమందు కూడా కలిపి.

పట్నాయక్ జేబులోంచి పెన్ను తీశాడు. అప్పుడు వరహాలు కుడి చేతి గాజు పైకి జరిపి, తోలుపట్టీ అందుకుంది.

నూకరత్నం రెండంగల్లో వచ్చి ఆ పట్టీ లాక్కుంది.

"ఒట్టేసినావు."

"అమ్మా, వేరే దారి లేదు. ఎక్కడెక్కడ పోయిందో చెబితే గీకి చూపించొచ్చు."

"సున్నం పూసింది నువ్వు కాదు గదా. నాను," అని ఆమె తన కుడి చేతికే పట్టీ బిగించుకుంది. కూతురు ఆపేలోగా గోడ మీద అరచెయ్యి ఆనించింది.

మొదట చల్లగానే ఉంది. తరువాత మణికట్టులో ఏదో పీకింది. మోచేతి లోంచి భుజం దాకా ఎండుకట్టె చీలినట్టు చీలింది. గుమ్మం పైనుంచి నేల దాకా ఉన్న బీట అదేనని ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. పన్నెండేళ్ల కిందటి గాలి పళ్లు నూరుతూ ఆమె పక్కటెముకల మీదుగా వెళ్లింది. ఆ గాలికి ఎదురుగా తొమ్మిది వీపులు ఆనుకున్న చోటు వెచ్చగా, దుఃఖంగా ఉంది. అన్నిటి కిందా ఉప్పు. ఎద్దుబండి మీద వచ్చిన ఆ ఉప్పు అరవై ఏళ్లకి దగ్గరగా తింటూనే ఉంది, నోరు మూసుకుని. వాళ్ల నాన్న మాట నిజమై ఆమె ఎముకల్లో తిరిగింది.

వరహాలు పెట్టె మీట కట్టేసింది. నూకరత్నం చెయ్యి తీసింది. వేళ్లు కదులుతున్నాయి. కాని ఎదురుగా ఉన్న కూతురి బుగ్గ తాకి చూస్తే అక్కడ బుగ్గ ఉన్నట్టు తెలియలేదు.

"గురువులూ, గునపం తే," అంది. "గుమ్మం మీద. కిటికీ కింది మూల. నీళ్ల గొట్టాలు ఆరేసే గూడుకి అడుగున. కొట్టు."

గురువులు కొట్టాడు. సున్నం, సిమెంటు పెచ్చులుగా రాలాయి. గుమ్మం మీద బీటలోకి గునపం కొన జానెడు దిగింది. గూడు అడుగున ఇటుకని ముట్టుకుంటే పొడి రాలింది.

పట్నాయక్ వంగి చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. కాని ఇరవై ఏళ్లు కాగితాల మధ్య బతికిన మనిషి.

"చూడమ్మా, ఈ బీటలు పూడ్చింది నువ్వే. ఎక్కడున్నాయో నీకు తెలియకుండా ఎలా ఉంటుంది? చెయ్యి చెప్పిందని నేను ఫైల్లో ఎలా రాయను? యంత్రం ఇచ్చిన అంకె రెండు వందల పదకొండు. నాకు అదే లెక్క."

"నిజమేను బాబూ," అంది నూకరత్నం. ఆమె పట్టీ విప్పి ఆయన ముందు చాచింది. "ఆ బీటల్లో కొన్ని నాను పూడ్సినవే. మీకు అనుమానం ఒచ్చీది న్యాయమే. అందుకే మీరు కట్టుకోండి."

పట్నాయక్ వెనక్కి ఒక అడుగు వేశాడు. "నేనెందుకు?"

"మా పిల్ల సెప్పినాది గదా. గట్టి గోడయితే ఏటీ అవదు. సల్లగా ఉంటాదంతే. దెబ్బ తిన్న గోడయితేనే సెయ్యి పోద్ది. మీ కాగితం గట్టిదంతన్నాది. రెండొందల పదకొండు. మరింకేటి బెంగ?"

"ఇది పద్ధతి కాదమ్మా. నాకు పెన్ను పట్టుకునే ఉద్యోగం..."

"ఈ గోడకింద మూడొందల గడప జనాన్ని కూకోబెడతానన్నారు బాబూ మీరు. ఇప్పుడే అన్నారు. ఆళ్ల పిల్లల్ని కూకోబెట్టడానికి బయం నేదు. మీ అరసెయ్యి ఒక్క నిమిషం పెట్టడానికి బయమా?"

కమిటీలో మిగతా ఇద్దరూ గబుక్కున సెల్‌ఫోన్లు చూసుకోవడం మొదలుపెట్టారు. తొమ్మండుగురు సిబ్బందీ సున్నం కుంచెలు పట్టుకునే నిలబడ్డారు. పట్నాయక్ కుడి చెయ్యి ప్యాంటు జేబులోకి పోయింది. అది ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియదు. తెలిశాక ముఖం ఎర్రబడింది, కాని చెయ్యి బయటికి రాలేదు.

"మీకూ తెలుసు," అంది నూకరత్నం. గొంతు పెంచలేదు. "మీ సేతికి తెలుసు బాబూ. అదే దాక్కున్నాది."

చాలాసేపటికి ఆయన ఫైలు ఇంజను బానెట్టు మీద పెట్టాడు. ఛైర్మన్ అనుమానం రాస్తే గడువుతో పని లేకుండా మళ్లీ కొలిచే వీలుందని అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. గోడ తడిగా ఉన్నందున మూడు వారాల తరువాత పునఃపరీక్ష జరపవలెనని రాసి, గురువులుకి చదివి వినిపించాడు.

గురువులు ఊపిరి వదిలాడు. వరహాలు కళ్లు తుడుచుకుంది. నూకరత్నం మాత్రం ఫైలు మీద నుంచి చూపు తియ్యలేదు.

"అది సగమే బాబూ."

"ఇంకేం కావాలమ్మా? మళ్లీ కొలుస్తామంటున్నాను కదా."

"గోడ తడి నా తప్పు. అది రాసినారు, మంచిది. రెండోది కూడా రాయండి. సెయ్యి పెట్టమంతే మీరు పెట్టలేదని."

"అలాంటివి ఫైల్లో రాయరు."

"ఏం? జరిగినాది గదా. తొమ్మండుగురు సూసినారు. మూడు వారాలయ్యేక మీరు రారు, ఇంకోరొస్తారు. ఆరికి ఏటి జరిగినాదో తెలియాలా, ఒద్దా? ఇది గట్టిదని ఎవులు సంతకం పెడతారో ఆరు ముందు సెయ్యి పెట్టాల. పెట్టకపోతే పెట్టనేదని రాయాల. నాను సదువుకోనేదు బాబూ, కానీ ఇది మరీ లెక్కల సదువు కాదు."

"అమ్మా, చాలు," అంది వరహాలు మెల్లగా.

"నాకు సాల్లేదు," అంది నూకరత్నం.

ఆమె ఇంజను ముందు నుంచి పక్కకి జరగలేదు. సిబ్బందీ జరగలేదు. పట్నాయక్ ఫైలు వైపు, గునపం దింపిన బీట వైపు మార్చి మార్చి చూశాడు. ఆఖరికి రాశాడు. రాసింది పైకి చదవమంది ఆమె. చదివాడు: "గోడపై చేయి ఉంచవలసినదిగా కోరగా, పరీక్షాధికారి ఉంచలేదు."

ఆ ఒక్క వాక్యం ఆ తరువాత ఎన్ని బల్లలు ఎక్కిందో, దాన్ని చదివిన ప్రతి అధికారీ కట్టడం భద్రమని రాయబోయి ఎలా మానుకున్నాడో, ఆరిన గోడ నూట ముప్పై ఆరు అని ఎలా చెప్పిందో, చలికాలం వెళ్లేలోగా ఇనప నడికట్ల లారీ ఎలా వచ్చిందో, అదంతా పూడిగెడ్డలో ఎవరిని అడిగినా చెబుతారు. ఆ గురువారం మధ్యాహ్నానికి మాత్రం ఇంకో పని మిగిలింది.

"సాక్షిగా నీ వేలిముద్ర కావాలి," అన్నాడు పట్నాయక్. సిరా డబ్బీ మూత తీసి ఆమె వైపు జరిపాడు.

నూకరత్నం ఆ డబ్బీని మోచేత్తో పక్కకి నెట్టి, పెన్ను ఇమ్మంది. జీతం పుస్తకంలో పెట్టడానికి నేర్చుకున్న సంతకం ఒక్కటి ఆమెకి వచ్చు.

పెన్ను వేళ్ల మధ్య ఉందో లేదో ఆమె కళ్లతో చూసుకుంటే గాని తెలియడం లేదు. ఎంత నొక్కుతోందో తెలియడం లేదు. మొదటి అక్షరానికి కాగితం చిరిగింది. వరహాలు సాయం చెయ్యబోతే వద్దని తల ఊపింది. పెన్ను జారి కింద పడితే తానే వంగి తీసుకుంది. కారు డ్రైవరు హారను కొట్టాడు. పట్నాయక్ వాచీ చూసుకున్నాడు.

"తొందరేం నేదు బాబూ," అంది ఆమె తల ఎత్తకుండానే. "నాది పెద్ద పేరు. నిలబడండి."

ఆయన నిలబడ్డాడు.